ఖాళీ చేతులు

లండన్ నేషనల్ గ్యాలరీలో పుస్తకంలా మడిచే రెండు ఓక్ చెక్కపలకల చిత్రం ఉంది. పేరు విల్టన్ డిప్టిక్, కాలం 1395-99. ఎడమ పలకపై ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్ మోకరిల్లి ఖాళీ చేతులు చాచాడు. కుడివైపు మేరీమాత చేతుల్లో బాలయేసు. ఆయన శిరోవలయంలో రాబోయే శిలువకు గుర్తుగా ముళ్ళకిరీటం, మేకులు. పక్కనే దేవదూత పట్టిన జెండా. దాని కర్ర కొనన వేలిగోరంత గోళంలో ఒక దీవి. రాజ్యాన్ని దేవుడికి అప్పగించి, ధర్మకర్తగా తిరిగి అందుకోబోతున్నాడని ఒక వ్యాఖ్యానం.

బాగుంది. కానీ పదకొండుమంది దేవదూతల రొమ్ములపైనా రాజుగారి సొంత చిహ్నం తెల్లదుప్పే! ఇది శరణాగతా, దేవుణ్ణే తన పక్షాన చేర్చుకోవడమా? 1399లో సింహాసనం పోయింది, 1400లో ప్రాణమూ పోయింది.

పరుల సొమ్ము కాపాడే బ్యాంకు ఉద్యోగం నాది. ఇచ్చినదాని మీద మన ముద్ర ఉంచుకుంటే అది అప్పగింత కాదు.