రథములు, గుఱ్ఱములు, దైవవిశ్వాసము

యెషయా ప్రవక్త తన ప్రజలతో సలిపిన వాదము మీరెఱుగుదురు. అష్షూరు సైన్యము దండెత్తి వచ్చుచుండగా యూదా రాజసభవారు ఐగుప్తు దిక్కు చూచిరి. అచ్చట రథములు విస్తారము, గుఱ్ఱములు బలిష్ఠములు. ప్రవక్త వారిని తీవ్రముగా మందలించెను. గుఱ్ఱము నిష్ప్రయోజనమని కాదు. గుఱ్ఱమును గుఱ్ఱముగానే చూడుడనియు, దానిని దేవుని స్థానమున నిలుపవలదనియు ఆయన తాత్పర్యము.

ఈ ఉపదేశమును విని తలయూపుట మనకు సులభము. ఐగుప్తు గుఱ్ఱములు మనవి కావు గదా! స్వజాతిబలము విషయమున నిది కష్టతరము. ఏలయన, దేశబలమును నమ్మువాడు తాను దేవుని విడిచితినని ఎన్నడు ననుకొనడు. దేవుడు మన సేనతోనే నడచుచున్నాడని యనుకొనును.

జర్మనీ దేశమున 1933వ సంవత్సరమున హిట్లరు అధికారమునకు వచ్చినప్పుడు జరిగిన దిదియే. 'జర్మను క్రైస్తవులు' అని తమకు పేరు పెట్టుకొన్న యొక పక్షమువారు జాతి పునరుత్థానమునందు దైవహస్తమును జూచితి మనిరి. యూదవంశమున జన్మించిన బోధకులను సంఘోద్యోగములనుండి తొలగింపవలయు ననిరి. వీరు మూఢులు కారు. వీరిలో పండితులును పీఠాధిపతులును ఉండిరి. దేశముపై ప్రేమయే వారిని గ్రుడ్డివారిని చేసెను.

దీని నెదిరించి 1934 మే నెలాఖరున బార్మెను పట్టణమున 139 మంది ప్రతినిధులు కూడిరి. కార్లు బార్తు అను వేదాంతపండితుడు ముఖ్యముగా రచించిన ప్రకటనము నంగీకరించిరి. క్రీస్తు వాక్యము గాక చారిత్రకసంఘటనలు గాని అధికారములు గాని సంఘమునకు దైవవాణి కాజాలవని అందు ఘోషించిరి. న్యాయమును శాంతిని కాపాడుట ప్రభుత్వధర్మమనియు, మనుష్యజీవితము నంతను ప్రభుత్వమే యాక్రమింపరాదనియు చెప్పిరి. సాహసముతో గూడిన మాటలు! అయినను అప్పటికే హింసింపబడుచున్న యూదులను గూర్చి ఆ ప్రకటనమున నొక్క మాటయు లేదు.

ఇక నొక న్యాయాధికారి సంగతి. నా వృత్తివలన ఈతనియందు నాకు పక్షపాత మున్నదని మీరనుకొన్నను సరియే. ఫ్రీడ్రిహు వైస్లరు యూదవంశమున బుట్టి, బాల్యముననే బాప్తిస్మము పొందినవాడు. మాగ్డెబర్గులో న్యాయాధిపతిగా నుండి, పార్టీ దళపు దుస్తులు ధరించి న్యాయస్థానమునకు వచ్చిన యొక ముద్దాయికి, సభామర్యాద నతిక్రమించినందుకు, జరిమానా విధించెను. అది 1933వ సంవత్సరము! ఆ జరిమానా ఎంత స్వల్పమైనను అంతకంటె ధీరమైన తీర్పు నేనెఱుగను. ఆ సంవత్సరమే ఆతని యుద్యోగము పోయెను. పిమ్మట బార్మెను మార్గమున నడచు సంఘముయొక్క కార్యాలయమున న్యాయవిషయములందు సాయపడుచుండెను.

1936వ సంవత్సరమున ఆ సంఘపు పెద్దలు హిట్లరునకే యొక విజ్ఞాపన పంపిరి. బార్మెనులో విడిచినదానిని ఇందు చెప్పిరి: యూదులను ద్వేషింపుమని క్రైస్తవుని నిర్బంధించుట పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞకు విరుద్ధమనిరి, విచారణలేని నిర్బంధశిబిరములను గర్హించిరి. పత్రము రహస్యముగా నంపబడెను. ప్రత్యుత్తరము రాలేదు. జూలై మాసమున అది విదేశ పత్రికలలో ప్రకటింపబడెను. బెర్లినులో ఒలింపికు క్రీడలకు లోకమంతయు చేరబోవు సమయమది.

అంతట పెద్దలకు భయము కలిగెను. ప్రాణభయ మొక్కటియే యైనచో నేనిచ్చట నిలిచి మాటలాడ నవసరము లేదు; ఆ భయము నెవడు నిందింపగలడు? దేశద్రోహులన్న పేరు వచ్చునేమో యను భయము దానికంటె పెద్దదిగా నుండెను. దేశమును పరదేశీయుల యెదుట నవమానించితిరని యనిపించుకొనుట వారికి సహింపరానిదయ్యెను. పత్రము విదేశము చేరుటతో తమకు సంబంధము లేదని ప్రకటించిరి. వైస్లరు పనినుండి తప్పింపబడెను. అక్టోబరులో ఆతడు నిర్బంధింపబడినప్పుడు సంఘము గట్టిగా ఆతని పక్షమున నిలువలేదు.

మహాశయులారా, ఈ పెద్దలు జర్మను క్రైస్తవులవంటివారు కారు. జాతిని దేవునిగా కొలువలేదు. కొలువరాదని లోకమునకు చాటినవారు. కాని జాతి తమ్ము తనవారని మన్నింపవలెనను కోరిక వారిలో మిగిలియుండెను. దేశబలమును పూజింపని వారియందు సైతము దేశగౌరవము నాశించు మనస్సు చొరబడుట చూడుడు! రథముపై నెక్కకపోయినను, రథికుడు మనలను శత్రువులనుకొనునేమో యని వెనుక పరుగిడువాని నేమందుము?

విశ్వాసమనగా నాపత్తు రాదను ధైర్యము కాదు. యెషయా అట్టి వాగ్దానము చేయలేదు. దేవుని నమ్మువాడు నిందను మోయగలడు. దేశమువారే ఛీకొట్టినను నిలువగలడు. అందువలననే, ఎవనిని విడిచిన మనకు క్షేమమో వానిని విడువకుండగలడు. ఈ చివరి మాట దగ్గరనే బెర్లినులో అడుగు తడబడెను.

వైస్లరుతోపాటు పట్టుబడిన మరి యిద్దరును 1937 ఫిబ్రవరిలో జాక్సెన్‌హౌజెను శిబిరమునకు కొనిపోబడిరి. ఆ యిద్దరును బ్రదికిరి. వైస్లరును మాత్రము, యూదవంశీయుడని, వారినుండి వేఱుచేసి చీకటికొట్టున బెట్టిరి. కావలివారు కొట్టిన దెబ్బలకు ఆతడు ఫిబ్రవరి 19వ తేదీన మృతినొందెను. ఆత్మహత్య యని అధికారులు వ్రాసికొనిరి. అప్పటి కాతనికి నలువదియైదేండ్లు.