మాటలు రాలిపోయిన కీర్తన

బాపును మట్టి చేసిన రోజు, ఆయనకు ఇష్టమైన కీర్తన పాడమని నన్ను ముందుకు పిలిచారు. ఆసిఫాబాద్‌లో మా ఇంటి అరుగు మీద రోజూ వేకువన ఆయన పాడుతుంటే విని పెరిగిన పాట. నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు. గొంతులో కదిలిన రాగాన్నే చివరిదాకా మూలిగి వచ్చి కూర్చున్నాను. ఆఖరి రుణం తీర్చలేకపోయానన్న బాధ ఏళ్ల తరబడి నాతోనే ఉండిపోయింది.

మొన్న ఒక చలిరాత్రి బ్లైండ్ విల్లీ జాన్సన్ రికార్డు విన్నాను. టెక్సస్‌కు చెందిన ఈ నల్లజాతి అంధ గాయకుడు 1927 డిసెంబరులో డల్లాస్‌లో దాన్ని పాడాడు. దాని మూలం ఇంగ్లండ్ మతగురువు థామస్ హావీస్ 1792లో వెలువరించిన కీర్తన. గెత్సేమనే తోటలో, చీకటి రాత్రి, చల్లని నేల మీద యేసు పడిన వేదన అది. జాన్సన్ అందులో ఒక్క పదమూ పలకలేదు. మూలుగుతాడు, అంతే. మిగిలినదంతా గిటారు తీగల మీద జారే స్వరం. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షానికి పంపిన సంగీతంలో ఈ మాటల్లేని ప్రార్థన కూడా ఉంది.

ఆ జారుడు నాకు కొత్త కాదు. మా జిల్లా గోండు గూడేల్లో వంశగాథలు పాడే పర్ధాన్ల కీక్రీ అనే తీగ వాద్యానికి మెట్లుండవు. కమాను లాగుతుంటే వేలు తీగ వెంట పోతూ స్వరాన్ని పట్టుకుంటుంది. చిన్నప్పుడు బాపు వెంట ఒక గూడేనికి పోయి విన్నాను. గోండీ మా ఇద్దరికీ రాదు. "అర్థం కాకుంటే ఎట్ల వింటవు బాపూ?" అని అడిగాను. "తీగ చెప్తలేదా బిడ్డా, విను" అన్నాడు.

మెట్లున్న చోట స్వరం ఎక్కడ నిలవాలో ముందే గుర్తు పెట్టి ఉంటుంది. జారే చెయ్యి మాత్రం చెవినే నమ్ముకుని వెతుక్కోవాలి. దుఃఖంలో ఉన్నవాడి ప్రార్థనా అలాంటి వెతుకులాటే.

కీర్తనకు మాటే ప్రాణం కదా, అది పోతే మిగిలేదేమిటని ఎవరైనా అడగవచ్చు. అమెరికా నల్లజాతి చర్చిల్లో పెద్ద ఒక పంక్తి అందిస్తే, సభంతా అందుకుని సాగదీసి పాడే ఆనవాయితీ ఉండేది. అలా నోళ్లలో నానిన కీర్తనకు మూలుగు చాలు, మాటలు వినేవాళ్ల లోపలే ఉంటాయి.

బాపు పాడింది పురుషోత్తమ చౌదరి కీర్తన. 1803 నుంచి 1890 దాకా జీవించిన ఆ కవి క్రీస్తు భక్తిని మన రాగాల్లో, మన కీర్తన నడకలో పలికించాడు. అందుకే ఊళ్లో చదువు రానివాళ్లకూ అది కంఠస్థం.

ఇన్నేళ్లకు గుర్తొస్తోంది. ఆ రోజు నేను మూలుగుతుంటే, ఎదుట కూర్చున్న వాళ్ల పెదవులు కదులుతున్నాయి. మాటలు ఎక్కడికీ పోలేదు, వాళ్ల దగ్గరే ఉన్నాయి. బాపు పెట్టెను మోసినట్టే, నేను మోయలేని పాటను కూడా వాళ్లే మోశారు.