దూరం తగ్గింది, తీరిక ఏదీ?

హైదరాబాద్ విమానాశ్రయం నుండి జిద్దా విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానం దాదాపు 6 గంటల్లో చేరుస్తుంది. ఉదయం 10 గంటలకు ఇక్కడ బయలుదేరి 6 గంటలు ప్రయాణిస్తే, అక్కడి గడియారంలో మధ్యాహ్నం 1.30 మాత్రమే అవుతుంది. రెండున్నర గంటలు కలిసొచ్చాయని సంబరపడతాం. తిరుగు ప్రయాణంలో వాటిని అప్పగించక తప్పదు. గడియారం ముల్లును వెనక్కి తిప్పగలం గాని, గడిచిన ఆయుష్షును తిప్పలేం.

మన తాతల కాలంలో హజ్ యాత్రికులు రైలులో బొంబాయి చేరి, ఓడ ఎక్కి, వారానికి మించి సముద్రం మీదే గడిపేవారు. అప్పులు తీర్చి, ఇరుగుపొరుగు వారిని క్షమాపణ కోరి మరీ బయలుదేరేవారు. 1995తో ఆ ఓడ ప్రయాణాలు ఆగిపోయాయి.

మరి ఇంత సుఖంగా వెళ్తున్నప్పుడు కూడా నమాజును ఖస్ర్ చేయాలా అని కొందరికి సందేహం వస్తుంది. ఇలాంటి సందేహమే సహాబాలకూ కలిగింది. శత్రుభయం ఉన్నప్పుడు నమాజును తగ్గించుకునే అనుమతి దివ్యఖుర్ఆన్‌లో వచ్చింది. భయం తొలగాక కూడా ఎందుకని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (సల్లం)ను అడిగారు. అది అల్లాహ్ మీకిచ్చిన దానమని, దాన్ని స్వీకరించమని ఆయన బోధించారు. అంటే ఈ సౌలభ్యం మనం పడిన కష్టానికి కూలి కాదు, ప్రభువు కానుక.

కానుకకు కూడా లెక్క ఉంటుంది. వారం పట్టే ప్రయాణం 6 గంటలకు తగ్గితే, మిగిలిన రోజులు ఏమైనట్లు? ఆయుష్షును దేనిలో గడిపావన్న ప్రశ్నకు ప్రళయదినాన ప్రతి దాసుడూ జవాబు చెప్పుకోవాలని హదీసు హెచ్చరిస్తోంది.

జిద్దాలో పనిచేసే మన బిడ్డలు ఏళ్ళ తరబడి ఇంటికి రాలేకపోతే వారిని నిందించలేం. సెలవు యజమాని చేతిలో ఉంటుంది, టిక్కెట్టు జీతాన్ని మింగేస్తుంది. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపడు. కాని అమ్మ ఉండే వీధికి నాలుగు వీధుల అవతలే ఉంటూ, పండుగకు తప్ప ఆ గడప తొక్కని మన సంగతేమిటి? జిద్దాలోని కొడుకు సెలవు దొరకక రాలేదు. మనకు ఏది దొరకలేదని చెబుతాం?

తల్లిదండ్రులకు డబ్బు అందిస్తే బాధ్యత తీరిందనుకుంటున్నాం. వారు ఎదురుచూసేది మన అడుగుల చప్పుడు కోసం. దూరంగా ఉన్నవారు ఫోనులో కాసేపు తీరికగా మాట్లాడాలి. దగ్గరున్నవారు ఈ సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని నేరుగా ఆ ఇంటికే నడవాలి.

దూరాలను తగ్గించిన అల్లాహ్, మన హృదయాలను కూడా దగ్గర చేయుగాక! ఆమీన్.