పొడుచు ఎద్దును ఎరిగిన యజమానుడు

సంతలో ఎద్దును కొనునప్పుడు నీవు దాని పళ్లు చూచెదవు, సుడులు చూచెదవు, కాడి కట్టి నాలుగడుగులు నడిపించెదవు. ఇది పొడుచునా అని కూడ అడిగెదవు. అమ్మువాడు ముఖము త్రిప్పుకొనిన యెడల బేరము అక్కడనే నిలిచిపోవును. పాత కారు కొనువారు ఈ చివరి ప్రశ్న అడుగుట అరుదు. రంగు చూతురు, ఎంత వేగముగా పోవునో అడుగుదురు.

వేగముగల పాత కారును కొని, బాగుచేయించి, దినదినము పనికి నడుపుకొనవలెనను ఆశ మన యువకులలో కొందరికి కలదు. దీనిని గర్వమని ఒక్క మాటతో కొట్టివేయు పెద్దలతో నేను ఏకీభవింపను. మూలపడిన వస్తువును మరల పనిలో పెట్టుట మంచిదే. చేతికి నేర్పు, మనస్సునకు ఓర్పు కలుగును. నేను అడుగునది వేరొక సంగతి.

2015లో ఫియట్ సంస్థ మన దేశములో అబార్త్ పుంటో అను చిన్న కారును అమ్మకమునకు తెచ్చెను. చూచుటకు కుటుంబపు కారువలెనే యుండును గాని దాని బలము 145 అశ్వశక్తి. ఆ సంస్థ ఇప్పుడు ఇచ్చట కొత్త కార్లు అమ్ముట లేదు గనుక కోరువారు పాతదానినే కొనవలెను. సూరారములో కాపురముండి జీడిమెట్ల కార్ఖానాకు పోవు యువకుడొకడు అట్టిదానిని కొనెననుకొనుము. అతని దారిలో లారీలు, బస్సులు, ఆటోలు, షిఫ్టు దిగి నడిచిపోవు కూలీలు, రోడ్డు దాటు బడిపిల్లలు. యెజ్రెయేలు గోపురముమీది కావలివాడు యెహూను అతని తోలుటనుబట్టియే దూరమునుండి గుర్తుపట్టెను. నర్సాపూరు రోడ్డుమీద అట్టి తోలుటకు చోటు లేదు.

మెకానిక్కు కారును పైకెత్తి చూచి మూడు మాటలు చెప్పును. బ్రేకు నూనె పాతబడినది. అది గాలిలోని తేమను పీల్చుకొనును, అప్పుడు తక్కువ వేడికే మరిగి, గట్టిగా త్రొక్కినను బ్రేకు పట్టకపోవచ్చును. ప్యాడ్లు అరిగినవి. టైరు ప్రక్కన 2316 అని యున్నది, అనగా 2016వ సంవత్సరము 23వ వారములో చేసినది. గీతలు లోతుగా నున్నను రబ్బరు బిరుసెక్కినది. వేగము రెట్టింపైన యెడల బ్రేకు త్రొక్కినది మొదలు బండి ఆగువరకు పట్టు దూరము నాలుగింతలగునని కూడ అతడు చెప్పును. యువకుని చేతిలో నున్న డబ్బు రంగుకైనను చాలును, వీటికైనను చాలును, రెంటికిని చాలదు. రంగు వేయించిన యెడల ఆదివారము గుడి ముందర అందరును చూతురు. బ్రేకు నూనె మార్చిన సంగతి ఎవరును చూడరు.

నిర్గమకాండము 21వ అధ్యాయములో ఎద్దును గూర్చిన న్యాయవిధి నీకు తెలిసినదే. ఎద్దు మనుష్యుని చావ పొడిచిన యెడల ఎద్దుకే శిక్ష, యజమానుడు నిర్దోషి. అయితే అది అంతకుముందే పొడుచునదని అతనికి తెలుపబడియు, అతడు దానిని భద్రము చేయకపోయిన యెడల అతడును దోషియగును. కొమ్ము అదే, చావు అదే. భేదమంతయు యజమానుని చెవిని పడిన మాటలో నున్నది. మెకానిక్కు చెప్పినది అట్టి మాటయే.

అట్లయిన మెకానిక్కు నొద్దకు పోకుండుటయే మేలు గదా, తెలియనివానికి దోషమెక్కడిది అని తెలివైనవాడొకడు అనవచ్చును. ఈ ప్రశ్నను తేలికగా విడువరాదు, ఏలయనగా మనలో అనేకులు అట్లే జీవించుచున్నారు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చూడుము. కొత్త యిల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెను. అప్పటికి ఎవడును పడలేదు, ఎవడును హెచ్చరింపలేదు. మేడ కట్టినందుననే పడబోవువానిని గూర్చి ముందుగా తలంచు బాధ్యత వచ్చెను. వేగముగల బండిని జనముండు దారిలోనికి తెచ్చువానికిని అంతే. అడిగి తెలిసికొనుట అతని పనియే.

మరి అమ్ముకొను దినమున? 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములోనైన యెడల అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా అధికారికి తెలుపవలెను. వారు నింపు 29, 30 నంబర్ల ఫారములలో బ్రేకు సంగతి అడుగు గడి లేదు. దానిని నోటితో చెప్పవలసినదే: ప్యాడ్లు మార్చితిని, వెనుక టైర్లు మార్చలేదు, బ్రేకు పైపు ఒకటి పాతదే యున్నది. అది వినిన వెంటనే కొనువాడు ధర తగ్గించుమనును. తగ్గించుము.