బిడ్డల రక్షణయే దాసోహము

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పియున్నాడు. శివునకు తల్లి లేదు గదా యని ఆ భక్తురాలు బెంగగొన్నది. తల్లియే యుండినచో జడలు గట్టనిచ్చునా, విషము త్రాగనిచ్చునా యని తలపోసి, తానే తల్లియై ఆ స్వామిని పసిబాలునివలె లాలించినది. బిడ్డకు జబ్బు చేసెనని తోచగానే తల్లడిల్లినది. లోకము ఆమెను అమ్మవ్వ యని పిలిచినది.

లోకరక్షకునికే తల్లి కావలెనని తలచిన సంప్రదాయమున పుట్టినవారు, కాపు లేని బిడ్డను చూచి పరాయిబిడ్డ యనరాదు. నేడు బిడ్డలపై హింస చాలావరకు తెలిసినవారి చేతులలోనే జరుగుచున్నది. ఇల్లైనను, బడియైనను, దేవుని పేర నడచు వసతిగృహమైనను దానికి అతీతము గాదు.

అట్టి సంగతి బయటపడినప్పుడు కొందరు పెద్దలు కులము పరువు, మఠము పేరు అని తలచి, కొంత సొమ్మిప్పించి నోరు మూయింతురు. ఆ సొమ్ము దాసోహము గాదు, పాపమునకు కట్టిన వెల. బాలలపై లైంగిక నేరము జరిగినదని తెలిసియు పోలీసులకు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము శిక్షార్హము. బంధువని, గురువని అందు మినహాయింపు లేదు.

సొమ్ము వెచ్చింపవలసినది గాయమునకు ముందు. తుమకూరు సిద్ధగంగా మఠమున, 2019లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమారస్వామివారు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును దశాబ్దముల తరబడి నడిపిరి. కులమతభేదము లేక వేలాది పిల్లలు అచట తిని చదువుకొనిరి. ఆకలితో పనికి పోవు బిడ్డ, తల్లి కూలికి పోగా ఒంటరిగా మిగిలిన బిడ్డ సులభముగా దుష్టుల చేత చిక్కును. అన్నము పెట్టి అక్షరము నేర్పు చోటు ఆ బిడ్డకు కోటగోడ.

అయితే కోటకును కాపలా కావలెను. కాయకమున వచ్చిన దానిలో ప్రతి కుటుంబమును ఒక పాలు తీసిపెట్టినచో, కూలితల్లుల పిల్లలకు పగటి నీడ, సాయంకాలపు చదువు, వసతిగృహమున ఆడపిల్లలకు నమ్మకమైన పర్యవేక్షకురాలు, గాయపడిన బిడ్డకు వైద్యుడు, న్యాయవాది సమకూరుదురు. పిల్లల సహాయమునకై యున్న 1098 అను ఫోను సంఖ్యను ప్రతి వసతిగృహపు గోడమీద బిడ్డ కంటి కందునంత యెత్తున వ్రాయింపవలెను. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చి చూచినను తలుపు తెరచియుండవలెను.

మఠము పరువు మౌనమున లేదు, బిడ్డ నిర్భయముగా నిదురించుటయందున్నది. ఇష్టలింగమును నిలుపుకొను అరచేయి భయపడిన బిడ్డ చేతిని పట్టుకొననిచో ఆ పూజ సగమే. అమ్మవ్వ మనసు ప్రతి యింట మేల్కొనుగాక.

శరణు శరణార్థి.