పది పాయింట్ల అబద్ధం

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మేం ఆరుగురం ఫోన్లలో కలుస్తాం. గుంటూరులో ఒకే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకున్నవాళ్ళం. ఇప్పుడు ఇద్దరు హైదరాబాదులో, ఒకరు డల్లాస్‌లో, ఒకరు ఒంగోలులో, ఒకరు పర్చూరు దగ్గర పల్లెలో ఉన్నారు. నేను మాత్రం గుంటూరులోనే ఉండిపోయాను. 2020లో అందరం ఇళ్ళల్లో ఇరుక్కుపోయినప్పుడు మొదలుపెట్టిన ఆట ఇది. వారానికొకరు పది ప్రశ్నలు తయారుచేసుకొస్తారు. మిగిలినవాళ్ళం జవాబులు రాసి ఆమెకి పంపాలి. ఒప్పయితే పది పాయింట్లు. గెలిస్తే వచ్చేదేమీ లేదు, వారం రోజులు కాస్త గొప్పలు పోవటం తప్ప.

ఆ మధ్య ఒక ఆదివారం హైదరాబాదు స్నేహితురాలి వంతు వచ్చింది. ఏడో ప్రశ్న, "తెలుగులో మొదటి కథ ఏది?" అందరూ నన్ను చూసి నవ్వారు, నీకిది ఊరికే వచ్చే పది అని. నేను "దిద్దుబాటు" అని రాసి పంపాను. పది పాయింట్లు వచ్చాయి.

ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చేసిందేమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. గురజాడ 'దిద్దుబాటు' ఆంధ్రభారతిలో వచ్చింది 1910లో. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' హిందూ సుందరిలో వచ్చింది 1902లో. నా పరిశోధనలో ఒక అధ్యాయమంతా అచ్చమాంబ మీదే. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1874లో పుట్టి, బడి మొహం చూడకుండా తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర అక్షరాలు నేర్చుకుని, స్త్రీల చరిత్రలన్నీ వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, 1905లో ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే చనిపోయిన మనిషి. నా చేతులు ఆ పేరు రాయలేదు.

ఎందుకు రాయలేదు? ఆటలో పాఠం చెప్పటం ఎందుకులే అనుకున్నానని మొదట నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆరుగురు ఆడవాళ్ళకి వారంలో దొరికే గంటన్నర నవ్వుని నా డాక్టరేటుతో పాడుచెయ్యటం ఏం మర్యాద? ఇందులో కొంత నిజముంది. కానీ మొత్తం నిజం కాదు. ప్రశ్న వినగానే నాకు తట్టింది "మొదటి కథ ఏది" అని కాదు, "ఈమె దగ్గరున్న కాగితంలో ఏముండి ఉంటుంది" అని. కాంపిటీటివ్ పరీక్షల గైడుల్లో ఏముంటుందో అదే ఉంటుందని తెలుసు. అడిగేవాళ్ళ మనసులో ఉన్న జవాబుని పట్టుకోవటం మనకి ఎంత చిన్నప్పట్నుంచీ అలవాటో! నాన్న గొంతునిబట్టి, మాస్టారి కళ్ళనిబట్టి, ఇంటర్వ్యూలో పెద్దమనుషుల భ్రుకుటినిబట్టి, పెళ్ళిచూపుల్లో కాబోయే అత్తగారి చిరునవ్వునిబట్టి జవాబులు చెప్పుకుంటూ వచ్చినవాళ్ళం. పది పాయింట్లకి కూడా అదే పని చేశాను.

(టీవీలో 2014లో ఈ ఆటకి పెట్టిన పేరు 'మీలో ఎవరు కోటీశ్వరుడు'. కోటీశ్వరురాలు కావటానికి పేరులోనే చోటు లేదు. 2021లో మరో ఛానెల్లో వచ్చేసరికి 'కోటీశ్వరులు' అయింది. బహువచనంలోకి మనల్నీ రానిచ్చారన్నమాట.)

అచ్చమాంబ పేరు రాసి ఉంటే మాత్రం అది నిజమైన జవాబవుతుందా? ఇదీ ఆలోచించాల్సిందే. అంతకుముందు అచ్చయిన కథలున్నాయని వాదించేవాళ్ళున్నారు. ఆధునిక కథా లక్షణాలు 'దిద్దుబాటు'లోనే ఉన్నాయనేవాళ్ళూ ఉన్నారు. ఆ లక్షణాలు ఎవరు నిర్ణయించారన్నది మన ప్రశ్న. ఇంత తగువు ఉన్నచోట ఒక్క ముక్కలో జవాబు రాయమనటమే అన్యాయం. కానీ అది ఆ రాత్రి నేను అనాల్సిన మాట. ఇప్పుడు కూర్చుని రాసుకునే మాట కాదు.

మూడు వారాల తర్వాత పర్చూరు స్నేహితురాలి వంతు. వాళ్ళు మిరప, పత్తి వేస్తారు. ఆమె ప్రశ్నలు ఇలా ఉన్నాయి. మిరపకాయల్లో తాలు అని వేటినంటారు? రోజంతా తొడిమలు తీసిన చేతులు మండుతుంటే ఏం రాసుకుంటారు? తెల్లదోమ ఏడు అంటే ఏ ఏడు? మిగతావీ ఇలాంటివే. డల్లాస్ అమ్మాయికి సున్నా. నాకు ఇరవై. ఆసియాలోనే పేరుమోసిన మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో ఉంటూ, తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయలని నాకు తెలీదు.

"ఇది జనరల్ నాలెడ్జి కాదు గదే" అంది ఒంగోలు అమ్మాయి.

"మాకు రోజూ కావాల్సింది జనరల్ కాదు, మీకు ఎప్పటికీ అక్కర్లేని దేశాల రాజధానులేమో జనరలా? ఇదెట్టా కుదురుద్ది?" అంది ఆమె.

తెల్లదోమ ప్రశ్న దగ్గర నవ్వులు ఆగిపోయాయి. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని తెల్లదోమ పీల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. పంట పోయింది, మందుల కొట్లో అప్పు మిగిలింది. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ అప్పులూ పిల్లలూ వాళ్ళ భార్యల మీద పడ్డాయి. మేం అప్పటికి పుట్టలేదు. వాళ్ళమ్మ ఇప్పటికీ లెక్కలన్నీ తెల్లదోమకి ముందు, తర్వాత అనే చెబుతుందిట. మరో సంగతి. మేం చదువుకున్నప్పుడు పర్చూరు ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లాలోకి పోయింది. గైడులో జవాబు ఒక్క జీవోతో మారిపోతుంది. వాళ్ళమ్మ లెక్క మారదు.

అయితే ఆ రాత్రి ఆమె కూడా జవాబుల కాగితం చేతిలో పట్టుకునే కూర్చుంది. మా తెల్లమొహాలు చూసి సంతోషించింది కూడా. ఆ సంతోషం నేను కాదనను, ఆమెకి బాకీ ఉన్నదే. కానీ కాగితం చేతులు మారితే చాలా?

మా అమ్మమ్మ తొడిమలు తీసేటప్పుడు పొడుపుకథలు వేసేది. చుట్టూ కూర్చున్న ఆడకూలీలంతా విప్పేవాళ్ళు. అప్పట్లో అది కూడా ఇలాంటి ఆటే అనుకున్నాను. కాదు. పొడుపుకథలో విడుపు చెప్పగానే అది ఒప్పో కాదో విన్నవాళ్ళకే తెలిసిపోతుంది. నల్లటిదన్నారు, కాళ్ళున్నాయన్నారు, సరిపోయింది. అమ్మమ్మ మాట మీద నమ్మాల్సిన పని లేదు. ఒకసారి ఒకావిడ అమ్మమ్మ అనుకున్న విడుపు కాకుండా వేరేది చెప్పింది. అదీ అతికింది. అమ్మమ్మ ఒక క్షణం చెయ్యి ఆపి, "ఇదే బాగుందే" అని ఒప్పుకుంది. క్విజ్జులో ఆ వీలు లేదు. జవాబు ఎందుకు ఒప్పయిందో ప్రశ్నలోంచి తేలదు, ఎవరో చెప్పారు కాబట్టి ఒప్పు. అందుకే నాకు తెలిసిన నిజం కన్నా ఆమె దగ్గరున్న కాగితం నాకు పెద్దదైపోయింది.

పోయిన ఆదివారం నా వంతు. ప్రశ్నలు తయారుచెయ్యలేదు. ఏడో ప్రశ్న సంగతి చెప్పేశాను. ముందు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అడిగినావిడకి కోపం వచ్చింది. జవాబు తప్పయినందుకు కాదు. "అంటే నాకు చెప్పినా అర్థం కాదనుకున్నావా?" అంది. మర్యాద అనుకున్నదాన్ని ఆమె చిన్నచూపుగా తీసుకుంది. ఆమె తీసుకున్నదే సరైందేమో.

ఆ రాత్రి ఆట జరగలేదు. రెండు కథల్నీ చెప్పించుకున్నారు. ఒకదాంట్లో భార్య ఉత్తరం రాసిపెట్టి భోగంమేళాల మొగుణ్ణి దారికి తెస్తుంది. రెండోదాంట్లో పండగపూట దొంగతనానికి దిగబోయిన మొగుణ్ణి భార్య మాటలతో ఆపుతుంది. "రెండిట్లోనూ దిద్దే పని మనదేనా?" అని నిట్టూర్చింది పర్చూరు అమ్మాయి. నా పది పాయింట్లు తీసెయ్యాలని ముగ్గురు, ఉంచాలని ఇద్దరు అన్నారు. నేను ఓటు వెయ్యకూడదన్నారు. పట్టిక రాసేది డల్లాస్ అమ్మాయి. ఆమె ఇంకా కొట్టెయ్యలేదు.