బ్రేకు మరమ్మతు – గృహస్థధర్మము

కారులో ఇంజను యజమానిది, బ్రేకు ఎదుటివానిది. ఇంజను చెడినచో నష్టము ప్రధానముగా యజమానికే. అతడు ఇంటనే యుండును, లేదా బస్సెక్కును. బ్రేకు చెడినచో కష్టము త్రోవను పోవు అపరిచితునికి గూడ కలుగును. ఆ కారెవరిదో, దానిని ఎవరు ఎప్పుడు బాగుచేసిరో అతడెఱుగడు. అడుగుటకు అతనికి అవకాశమును లేదు. కావున పాతకారు బ్రేకు పట్టుకొనిపోయినపుడు గృహస్థుడు దానిని తన యింటివాకిట తన చేతులతో విప్పి బాగుచేసికొనవచ్చునా యను ప్రశ్న, చూపునకు మరమ్మతుకు సంబంధించినదిగా నున్నను, నిజమునకు ధర్మసంబంధమైన ప్రశ్నయే.

గుంటూరు, ప్రకాశము మైదానములలో నిది వట్టి ఊహ కాదు. 2022 ఏప్రిలులో పల్నాడు, బాపట్ల వేఱు జిల్లాలైనను నేల మాఱలేదు. అదే నల్లరేగడి, అదే ప్రత్తి, అదే మిరప. ఇచ్చటి మధ్యతరగతి యిండ్ల వాకిళ్లలో పాత చిన్నకార్లు ఇంకను కనబడుచున్నవి. 1983 డిసెంబరులో మొదటిసారి కొనుగోలుదారుల చేతికి వచ్చి, 2014 లో తయారీ నిలిచిపోయిన మారుతి 800 అట్టివానిలో నొకటి. దాని తరువాతి నమూనాలలో ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులు గలవు. అట్టి కారు వానకాలమున పొలముబాటలలో రేగడిబురద పూసికొని వచ్చును; పిమ్మట వారములకొలది కదలక వాకిట నిలిచియుండును. తిరిగి రోడ్డెక్కునాటికి మిరపకోతలు వచ్చును. తెల్లవాఱుజామున కూలిస్త్రీలను ఎక్కించుకొని చేలకు పోవు ఆటోలు, టిక్కీలు నింపుకొని గుంటూరు మిర్చియార్డునకు పోవు ట్రాక్టర్లు, దీపములు లేని ఎడ్లబండ్లు ఆ రోడ్డుమీదనే యుండును. మన బ్రేకును నమ్ముకొని ముందు నడచువారు వీరే.

బ్రేకు ఏల పట్టుకొనునో తెలిసికొందము. పెడలు త్రొక్కగనే బ్రేకు ఆయిలు ఒత్తిడి క్యాలిపరులోని పిస్టనును ముందునకు నెట్టును. పిస్టను ప్యాడును డిస్కునకు అదుమును. పిస్టను చుట్టునున్న చతురపు సీలు అప్పుడు కొంచెము వంగి, కాలు తీయగనే యథాస్థితికి వచ్చుచు పిస్టనును వెనుకకు లాగికొనును. ఆ లాగుట వెండ్రుకవాసి మాత్రమే. కాని యంతమాత్రముననే చక్రము స్వేచ్ఛగా తిరుగును. పిస్టను నోటనున్న రబ్బరు తొడుగు చినిగినచో నీరు, మన్ను లోనికి పోవును, పిస్టనుకు త్రుప్పు పట్టును. క్యాలిపరు జాఱుటకై యున్న పిన్నులలో గ్రీజు ఎండినను ఇదే గతి. బ్రేకు ఆయిలు స్వభావము చేతనే గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 తరగతి ఆయిలు క్రొత్తదైనపుడు 205 డిగ్రీల సెంటిగ్రేడునకు లోపల మరుగరాదని నియమము. తేమ చేరినపిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. పట్టుకొన్న బ్రేకు చక్రమును కాల్చును. ఆ వేడికి ఆయిలు మరిగి ఆవిరియగును. ఆవిరి త్రొక్కిన కొలది నలుగును గాని ఒత్తిడిని మోయదు. అప్పుడు పెడలు నేలకంటును, కారు నిలువదు.

ఈ పనిని ఇంట చేయరాదనువారు రెండు తెఱగులవారు. మొదటివారు చదువుకొన్నవాడు చేతికి మసి పూసికొనుట తగదందురు. దీనికి సమాధానము సులభము. మన సమాజము చాలకాలము గ్రంథజ్ఞానమును ఒక యింటను, హస్తజ్ఞానమును వేఱొక యింటను ఉంచి, ఈ రెండిండ్ల నడుమ గోడ కట్టినది. నష్టము రెండిండ్లకును కలిగినది. 1937 లో వార్ధాలో జరిగిన విద్యాసభ చేతిపనిని చదువునకు కేంద్రము చేయవలెనని కోరినది ఈ గోడను పడగొట్టుటకే. నేటికిని పాస్కలు సూత్రమును తప్పులేక వ్రాసి పూర్తిమార్కులు తెచ్చుకొను బాలునకు, ఆ సూత్రము తన తండ్రి కాలిక్రిందనే దినదినము పనిచేయుచున్నదని తెలియదు. వాకిట ఒక క్యాలిపరు విప్పి చూపిన తండ్రి ఆ బాలునకు ఒక అధ్యాయము బోధించినవాడగును.

రెండవవారి మాట గంభీరమైనది. బ్రేకు ప్రాణముతో కూడిన పని. అది నిపుణునికే విడువవలె నందురు. ఈ మాటలో సత్యము కలదు. కాని మెకానికుకు అప్పగించినంత మాత్రమున భారము మన భుజమునుండి దిగునా? 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 190 వ విభాగము ఇతరులకు అపాయకరమగు లోపముగల బండిని నడపువానినే గాక, నడపించువానిని, నడపనిచ్చువానిని గూడ శిక్షార్హులను చేసినది. ఆ లోపము వారికి తెలిసియున్నను, సామాన్యమైన జాగ్రత్తతో తెలిసికొన వీలైనదైనను, రెండును సమానమే. “నాకు తెలియదు” అనుట చాలదు, “తెలిసికొనుట నాకు సాధ్యము కాకుండెను” అనగలుగవలెను. ఒక చక్రము మిగిలినవానికంటె ఎక్కువగా కాలుట, బ్రేకు వేయగనే కారు ఒక ప్రక్కకు లాగుట, కాలిన వాసన వచ్చుట — వీనిని గుర్తించుటకు నైపుణ్యము అక్కఱలేదు. కావున పని మనము చేసినను చేయకున్నను తెలిసికొను బాధ్యత మనదే.

ఇక స్వయముగా చేయువాని సంగతి. పని కష్టమైనది కాదు గాని నియమములు గలది. కారును జాకీమీద మాత్రమే నమ్మి ఉంచరాదు, స్టాండులు పెట్టవలెను. పాత ప్యాడ్లలో కొన్నింట రాతినార యుండెడిది. ఆ దుమ్మును ఊదక తడిగుడ్డతో తుడువవలెను. గాలిపంపుతో పిస్టనును వెలికి తీసినచో అది విసురుగా వచ్చి వ్రేళ్లను నలుపగలదు. ఎదుట కొయ్యముక్క నుంచవలెను. పెట్రోలు, కిరసనాయిలు తగిలిన సీళ్లు ఉబ్బి చెడును. శుభ్రమైన బ్రేకు ఆయిలుతోనే కడుగవలెను. తీసిన సీలును మరల వేయరాదు. బిగించిన తరువాత గొట్టములలోని గాలిని తీసి, పెడలు గట్టిపడు వఱకు త్రొక్కి, ఆ తరువాతనే చక్రము కదల్పవలెను.

వీనినన్నిటిని చేయవచ్చును. అసలు పరీక్ష వేఱొకచోట నున్నది. పిస్టనును తుడిచినపుడు దాని మెఱుగుమీద, సీలు తాకుచోట, చిన్న గుంటలు కనబడును. గరుకుకాగితముతో రుద్దినచో త్రుప్పు పోవును, గుంట పోదు. క్రొత్త పిస్టను నేడు దొరకదు, తెల్లవాఱినచో ప్రయాణమున్నది, చూచువాడెవడును లేడు. “ఇంతకాలము నడచినది, ఇంక కొంతకాలము నడువదా?” అని మనస్సు పలుకును. చరకసంహిత రోగకారణములను చెప్పుచు “ప్రజ్ఞాపరాధము” అను మాటను వాడినది. ధీ, ధృతి, స్మృతి యను మూడును తప్పినపుడు మనుష్యుడు చేయు దుష్కర్మకు ఆ పేరు. వైద్యుని మాట మరమ్మతునకును సరిపోవుచున్నది. గుంటపడిన పిస్టను పనికిరాదని గుర్తించుట ధీ. గుర్తించినదానిని ప్రయాణము మానియైనను పాటించుట ధృతి. ఆయిలు ఎప్పుడు మార్చితిమో, ఏ బోల్టు బిగింపవలసియున్నదో మఱవకుండుట స్మృతి. ఈ మూడును గలవాడు బ్రేకు విప్పవచ్చును. వీనిలో నేదైనను కొఱవడినవాడు ఎంతటి చదువరియైనను పానాను తాకరాదు.

పొదుపును మేము నిందించుటలేదు. చెడినదానిని బాగుచేసికొనుట మన పెద్దల ఆచారము. నేటి ప్రభుత్వమును 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ఒక వేదికను తెఱచి దానిని ఆదరించినది. చినిగిన సీటుకు అతుకు వేసికొన్నవాడు తన సౌఖ్యములో కొంత తగ్గించుకొని పొదుపు చేసినవాడు. గుంటపడిన పిస్టనును మరల బిగించినవాడు ఎదుటి ఆటోలోని కూలిస్త్రీ క్షేమములోనుండి పొదుపు చేసినవాడు. మొదటిది మితవ్యయము, రెండవది అడుగకుండ తీసికొన్న యప్పు, తీర్చుటకు వీలుపడని యప్పు.

ఒకమారు ఈ పనిని శ్రద్ధగా చేసినవాడు మెకానికుతో మాటలాడు తీరును మార్చుకొనును. “ఏదో సర్దిపెట్టు, సాయంకాలము పోవలెను” అని తొందరపెట్టువారము మనమే. అతడు సర్దిపెట్టినపుడు మోసగాడని నిందించువారమును మనమే. ఆ పనికి ఎంత సమయము పట్టునో చేతితో తెలిసికొన్నవాడు, సమయమునకు తగిన కూలి యిచ్చును, క్రొత్త సీళ్లకు బేరమాడడు, తీసిన పిస్టనును చూపుమని మర్యాదగా అడుగును. చేతిపని నేర్చుటవలన కలుగు లాభములలో కూలి మిగులుట కడపటిది. కూలివానిని గౌరవించుట మొదటిది.

కావున మా అభిప్రాయమిది. గృహస్థుడు తన బ్రేకును తాను బాగుచేసికొనవచ్చును. పిల్లలను దగ్గఱ నుంచుకొని చేసిన మఱియు మంచిది. కాని పనికి పూనుకొనకముందే, చెడిన భాగమును పాఱవేయుటకును, క్రొత్తది దొరకువఱకు కారును వాకిటనే నిలుపుటకును, తనకు తెలియనిచోట తెలిసినవానిని పిలుచుటకును నిశ్చయించుకొనవలెను. పని ముగిసినపిదప జనములేని చోట మెల్లగా నడిపి, నాలుగైదుమార్లు ఆపి చూచి, దిగి, చక్రములదగ్గఱ చేయి పెట్టి వేడిని పోల్చుకొనవలెను. ఏ చక్రమైనను మిగిలినవానికంటె కాలుచున్నచో, ఎంత ప్రొద్దుపోయినను ఆ కారు ఆనాడు రోడ్డెక్కరాదు.